బతిమాలని బల్ల

"పాలు పోసిన బీరకాయ కూరలో ఏముంటుందత్తయ్యా? నాచు తిని తిని నాలుక చచ్చిపోయింది. నేల మీద కాసిన కాయ దొరికిన ఒక్కరోజు కూడా పథ్యం కూరేనా?" అంది చారుశీల.

"గుత్తివంకాయ నాకు అరగదే. రేపు తిని ఎల్లుండంతా మంచం పట్టనా?" అంది వెంకటరత్నమ్మ.

"ఎల్లుండి సంగతి ఎల్లుండి. నాకు వంకాయే కావాలి."

అత్తాకోడళ్ళ ఈ వాదన నిన్న సాయంత్రం మొదలైంది. నిద్రకని ఆగి, పొద్దున కాఫీతో మళ్ళీ అందుకుంది. రేపు వెళ్ళబోయే నేలవంట భోజనశాలలో బల్లకి ఒకటే కూర. ఏ కూరో తొమ్మిదింటిలోగా చెప్పాలని గోడ మీది పలక ఇప్పటికి మూడుసార్లు మెరిసింది.

"ఓట్లు పెడదాం. మనం నలుగురం. అటు ఇద్దరూ ఇటు ఇద్దరూ అయితే చీటీలు వేద్దాం," అన్నాడు చారుశీల భర్త భాస్కర్.

నలుగురం అన్న మాట దగ్గర ఇందుమతి చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. గోడ అరలోంచి వచ్చిన తెల్లటి బిళ్ళల్ని ఆమె అందరికీ వడ్డిస్తోంది. ఓడవాళ్ళు వాటికి ఇడ్లీలని పేరు పెట్టారు. ఆమె ఆ ఇంటి పెద్దకోడలు. ఇంట్లో ఉన్నది ఐదుగురు. నేలవంటలో బల్లకి కుర్చీలు నాలుగే.

"ఇందూ, నువ్వు తేల్చు. నువ్వైతే ఏ కూర చెప్తావు?" అన్నాడు ఆమె భర్త దివాకర్, తగువు తన మీదికి రాకుండా.

"తినబోయేవాళ్ళు చెప్పాలి," అంది ఇందుమతి.

ఆ మాటలోని కారం ఎవరికీ తగల్లేదు.

"దానికి ఇలాంటి యావలు లేవురా. కాపరానికొచ్చిన రోజు నుంచీ అంతే. ఇది కావాలని నోరు తెరిచి అడిగి ఎరగదు. బంగారం," అంది వెంకటరత్నమ్మ.

"అందుకే అక్కంటే నాకు భయం," అని నవ్వుతూ చారుశీల తన పళ్ళెం పక్కకి జరిపింది. "నాకు వెయ్యకక్కా. నిన్న మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళే. రేపటికి పొట్ట ఖాళీ చేసిపెట్టుకుంటున్నా."

అందరూ నవ్వారు. చివరికి అత్తగారు కూడా కరిగిపోయి, "తిండిపోతు మొహమా! వంకాయే చెప్పు, నేను పెరుగన్నంతో సరిపెట్టుకుంటాలే," అంది. ఇందుమతి కూడా నవ్వాల్సి వచ్చింది. అందరూ లేచాక గిన్నెలో మిగిలిన రెండు బిళ్ళలు నిలబడే తిని పనికి బయల్దేరింది.

మహోదధి తొమ్మిది వేలమందిని మోసుకుని పదకొండు నెలలకోసారి భూమిని చుట్టి వస్తుంది. ఎక్కడా ఒడ్డుకు చేరదు. అంత ఓడను పట్టే రేవు ఇప్పుడెక్కడా మిగల్లేదు. అందులో పుట్టిన పిల్లలకి నేలంటే పదకొండో అంతస్తులోని మట్టిగదే. ఎప్పుడో దివిసీమ నుంచి ఎత్తి తెచ్చిన మట్టి అది. ఆ మట్టిలో పండినవి తప్ప మరేదీ పొయ్యి ఎక్కించని భోజనశాల నేలవంట. ఓడలో ప్రత్యేక భోజనశాలలు ఇంకా ఆరు ఉన్నాయి. వాటిలో చోటు దొరకడం కష్టం. నేలవంటలో దొరకడం నుదుట రాసి ఉండాలంటారు. పైగా రేపటితో దాన్ని మూసేస్తున్నారు. అలసిన మట్టికి నాలుగేళ్ళు విశ్రాంతి. ఇందుమతి కుటుంబానికి ఈ ఓడలో మిగిలిన గడువు రెండేళ్ళే. తర్వాత ఎక్కబోయే ఓడలో మట్టిగది లేదు.

ఆమె నాలుగేళ్ళుగా పనిచేస్తున్నది పంక్తి కౌంటరులో. ఎవరికి ఏ భోజనశాలలో ఎన్నింటికి చోటు అన్నది పరివేష అనే యంత్రబుద్ధి నిర్ణయిస్తుంది. గదుల్లోనూ శాలల్లోనూ ఉన్న ప్రతి భోజనం బల్లలో పరివేష ఉంటుంది. ఎవరు ఏది మారు అడిగారు, ఎవరు ఏది వద్దన్నారు, ఎవరు ఎప్పుడు పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టారు, అన్నీ చూసి మనిషికొక ఆశాంకం కడుతుంది. ఆశ ఎక్కువున్నవాళ్ళకి ముందు చోటు. ఆశ లేనివాళ్ళకి పెట్టి వృథా చేసేంత పంట మట్టిగదిలో పండదు కదా! నియమం వినడానికి న్యాయంగానే ఉంటుంది. పరివేష కట్టిన జాబితా మీద ఒక మనిషి అంగీకార ముద్ర పడాలి. ఆ మనిషి ఇందుమతి. నాలుగేళ్ళలో నేలవంటలో ఆమె ముద్రతో వడ్డించిన భోజనాలు ఇరవై వేలు దాటాయి. లోపల కుర్చీలు ఏ రంగులో ఉంటాయో ఆమెకి తెలియదు.

చోటు వచ్చినవాళ్ళకి నిన్ననే కబురందింది. రేపటి జాబితా ముద్ర కోసం తొమ్మిదిన్నరకి వచ్చింది. నలభై బల్లలు. పదిహేడో బల్ల తమది. చారుశీల, తొంభై ఒకటి. వెంకటరత్నమ్మ, డెబ్బై నాలుగు. భాస్కర్, అరవై ఆరు. దివాకర్, అరవై. కింద బూడిదరంగు అక్షరాల్లో, చోటు పొందని కుటుంబ సభ్యులు: ఇందుమతి, ఏడు.

ఆ తొంభై ఒకటి వైపే ఆమె చూపు పోతోంది. పక్కింటివాళ్ళ పందిరికి కాసిన కాయని చూసినట్టు చూసింది. చారుశీలకి నేలవంట ఇది నాలుగోసారి. వెళ్ళి వచ్చిన ప్రతిసారీ మూడు రోజులు ఆ కబుర్లే. పప్పులో నెయ్యి ఎలా పారిందో, ఆవకాయ ముక్క పంటి కింద ఎలా కరకరలాడిందో చేతులు తిప్పుతూ చెప్తుంది. ఇందుమతి పళ్ళేలు సర్దుతూ వింటుంది.

ఓడ ఎక్కకముందు, చారుశీల పెళ్ళిలో జరిగింది ఆమెకి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. పెళ్ళికూతురు విస్తరి ముందు కూర్చుని, "బాబాయిగారూ, పూర్ణాలు ఇటు మర్చిపోయారు," అని వడ్డించేవాణ్ణి కేకేసి పిలిచింది. పంక్తంతా ఘొల్లుమంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఇంటిల్లిపాదికీ ముద్దు. ఇందుమతి తన పెళ్ళిలో విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆ వడ్డించినాయన వేళ్ళ సందుల్లోంచే రెండు పూర్ణాలు జారవిడిచి, "తినమ్మా, మొహమాటపడకు," అని వెళ్ళాడు. ఆ రెండూ ఎంత బాగున్నాయో!

అడిగినందుకు దానికి ముద్దు, అడగనందుకు తనకి మంచిపేరు. మంచిపేరులో ఉప్పూ ఉండదు, కారమూ ఉండదు.

పదిహేడో బల్ల పక్కన చిన్న గుర్తు మినుకుమంది. చారుశీల మూడు పూటలుగా ఆహారం తీసుకోలేదని పరివేష గమనించింది. ఇలాంటి గుర్తుకి కారణం రాయాల్సింది కౌంటరులో ఉన్న మనిషే. ఏమీ లేదని రాయొచ్చు. ఆరోగ్య మినహాయింపు అని రాస్తే ఆ పేరు జాబితాలోంచి పోతుంది.

ఇందుమతి ఒకసారి అటూ ఇటూ చూసింది. ఉదర అస్వస్థత అని రాసింది. చారుశీల పేరు బూడిదరంగుకి మారింది. అది చూసి ఆమెకి కలిగిన సంతోషం ఆమెకే భయం వేసేంత ఉంది.

"ఒక ఆసనం ఖాళీ," అంది పరివేష. అది ఆడా మగా కాని మెత్తని గొంతు. "అదే కుటుంబంలో మిగిలిన వ్యక్తి ఇందుమతి. ఆశాంకం పదికి తక్కువ. కాబట్టి కోరిక ప్రకటన అవసరం. ఈ ఆసనం మీకు కావాలా?"

కావాలన్న మాట నోట్లోనే ఉంది. నలభై ఆరేళ్ళుగా అక్కడే ఉంది.

"పర్లేదు... ఇస్తే వెళ్తాను," అంది ఇందుమతి.

"అనాసక్తి నమోదైంది. ఆశాంకం ఆరు. ఆసనం సాధారణ జాబితాకి వెళ్తుంది."

"అయ్యో, అది కాదు..."

"సాధారణ జాబితాలో తర్వాతి వ్యక్తి మూడో అంతస్తు నుంచి. ఖరారు చేయమంటారా?"

మూడో అంతస్తులో ఉన్న ఎవరో ఒకరు తన అత్తగారి పక్కన కూర్చుని గుత్తివంకాయ తినడం ఆమె కళ్ళ ముందు మెదిలింది. అంతకంటే చారుకే పోనీ అనుకుంది. కారణం కొట్టేసి, ఏమీ లేదని మళ్ళీ రాసింది. చారుశీల పేరు నల్లగా, నిండుగా తిరిగొచ్చింది. తొంభై ఒకటి. ఇందుమతి చెవులు సిగ్గుతో వేడెక్కాయి. ఆ సిగ్గు అబద్ధం రాసినందుకో, ఆ అబద్ధం కూడా కలిసిరానందుకో ఆమెకి తెలియలేదు.

పదకొండింటికి కౌంటరు దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు కాంతామణి. ఐదో అంతస్తులో ఒక్కతే ఉంటుంది.

"రేపటి నేలవంటలో నా పేరేమన్నా వచ్చిందేమో చూడమ్మా. రాకపోతే పర్లేదు. ఊరికే అడిగాను," అంది.

ఇందుమతి చూసింది. ఆశాంకం నాలుగు.

"రాలేదండీ."

"రాదని తెలుసులే. పర్లేదు."

ఇందుమతికి ఎందుకో ఒళ్ళు మండింది. "పర్లేదు, పర్లేదు అని రెండుసార్లన్నారు. మీకసలు కావాలా వద్దా పెద్దమ్మా?"

కాంతామణి కళ్ళద్దాలు సవరించుకుని ఆమెని ఎగాదిగా చూసింది. "అదేం ప్రశ్నే పిల్లా? నువ్వేమన్నా తెల్లవాళ్ళ పిల్లవా? మనం రెండుసార్లు వద్దంటాం. అవతలివాళ్ళు బతిమాలతారు. మూడోసారి చెయ్యి తీసేస్తాం. మా అమ్మ అంతే, మా అత్త అంతే. ఈ ఓడలో బల్ల మొదటిసారికే సరేనని ఊరుకుంటుంది. బతిమాలడం రాని బల్ల దగ్గర మర్యాదగా ఉండి నేను పదకొండు కిలోలు తగ్గాను."

"మరి కావాలని చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్తావా?" అంది కాంతామణి. జవాబు కోసం ఆగకుండా కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

ముద్ర వేయాల్సిన గడువు పన్నెండు. ఇందుమతి పదికి తక్కువ ఆశాంకం ఉన్నవాళ్ళ జాబితా తెరిచింది. పదకొండు వందల నలభై మంది. కొద్దిమంది ముసలి మగవాళ్ళని మినహాయిస్తే అన్నీ ఆడపేర్లే. అనసూయలు, జమీలాలు, మేరీరత్నాలు. ఎక్కువమంది వయసు నలభై దాటినవాళ్ళు. చాలామంది పేర్ల పక్కన ఒకటే వ్యాఖ్య: చివర భోజనం చేస్తారు, మిగిలినది తీసుకుంటారు, అనాసక్తి.

ఆమెకి వాళ్ళ మీద జాలి కలగలేదు. మంచితనంలో ఇంతమంది పోటీ ఉన్నారని ఒక విసుగు కలిగింది. తనొక్కతే బంగారం అనుకుంది ఇన్నాళ్ళూ.

లేచి నిలబడింది. కౌంటరు ముందు వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు, "పరివేషా, రేపు నేలవంటలో నాకు చోటు కావాలి," అంది.

"ఈ ప్రకటన మీ నమోదుకి విరుద్ధం. నాలుగేళ్ళలో మీరు చేసిన భోజనాలు నాలుగు వేల రెండు వందలు. అందులో మూడు వేల తొమ్మిది వందల సార్లు వద్దన్నారు. ఏది నిజం?"

"ఇది నిజం."

"అయితే అవి అబద్ధమా?"

ఇందుమతి తల అడ్డంగా ఊపింది. "అబద్ధం కాదు. మర్యాద."

పరివేష ఆ నాలుగేళ్ళ నమోదుల్ని మళ్ళీ తిరగేసింది. తర్వాత అంది, "మర్యాదని అనాసక్తి నుంచి వేరుచేసే ఆధారం నా దగ్గర లేదు. ఇదే తరహాలో వద్దన్నవారు పదకొండు వందల నలభై మంది. వారందరి ఆశాంకాలూ అనిర్ణీతం. వారి కుటుంబాల బల్లలు నిలిపివేస్తున్నాను."

గోడ మీది పటంలో నలభై బల్లల్లో ముప్పైమూడు ఆరిపోయాయి. పదిహేడో బల్ల కూడా.

ఐదు నిమిషాల్లో పంక్తి అధికారి సత్యానందం ఆయాసపడుతూ వచ్చాడు. "ఏం చేశారు ఇందుమతిగారూ?"

"నాకు కావాలన్నాను సార్."

"ఏం కావాలి?"

"భోజనం."

ఆయన ఆమెని కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. మనిషి మంచివాడే. కుర్చీ లాక్కుని నెమ్మదిగా చెప్పాడు. "చూడండమ్మా. సాయంత్రం ఏడింటిలోగా మీరా మాట వెనక్కి తీసుకుంటే అన్నీ ఎప్పటిలా వచ్చేస్తాయి. ఒక్కసారి వద్దని అంటే చాలు. మీకు అలవాటైన మాటే కదా."

"అనకపోతే?"

"రేపు మధ్యాహ్నందాకా అది మళ్ళీ మొదట్నుంచి లెక్క కట్టుకుంటుంది. కొత్త లెక్కలో ఎవరి పేరొస్తుందో దానికే తెలియదు. మీ పేరొస్తుందనీ నమ్మకం లేదు. అందరికీ చెడ్డయి, చివరికి మీకూ దక్కకపోతే? ఆలోచించుకోండి."

ఇంటికి వెళ్ళేసరికి ఆరున్నర. కబురు ఆమె కంటే ముందే చేరింది. బల్ల చుట్టూ నలుగురూ కూర్చుని ఉన్నారు. చారుశీల ఉల్లిపొర రంగు పట్టుచీర ఒళ్ళో పెట్టుకుని ఉంది. రేపటికని ఇస్త్రీ చేయించుకొచ్చినట్టుంది.

"వదినా, కారిడార్లో నలుగురు ఆపి అడిగారు. ఆ మాటన్నది మీ వదినేనటగా అని. తలెత్తుకోలేకపోయాను," అన్నాడు భాస్కర్.

"ఇన్నేళ్ళూ లేని కోరిక ఇవాళే ఎక్కడ పుట్టుకొచ్చిందే? నీకేం తక్కువ చేశామని?" అంది వెంకటరత్నమ్మ. ఆమె గొంతులో కోపం కంటే కంగారు ఎక్కువగా ఉంది.

దివాకర్ పలక మీది గడియారం వంక చూస్తూ, "ఇంకా అరగంట ఉంది ఇందూ. అనేస్తే పోలా? మనిల్లొక్కటే కాదు, ఎంతమంది ఉసురో," అన్నాడు.

చారుశీల మాత్రం కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "నీకంత ఇష్టమని నాకేం తెలుసక్కా? ఒక్క మాట నా చెవినేస్తే నా చోటు నీకిచ్చేదాన్ని. ఒట్టు."

ఇచ్చేదే. అది అబద్ధం కాదని ఇందుమతికి తెలుసు. ఇచ్చి, పస్తుండి, వచ్చాక ఏమేం తిన్నావని నవ్వుతూ అడిగి, ఆ మంచిపేరు కూడా తనే కొట్టేసేది. ఇందుమతిలో పొద్దుటి అసూయ మళ్ళీ రాజుకుంది. అయితే ఈసారి దాన్ని మింగడానికి మనసొప్పలేదు.

"పొద్దున నీకు కడుపునొప్పని రాసి నీ పేరు కొట్టేశాను చారూ," అంది.



"నాకా? కడుపునొప్పా?"

"మళ్ళీ చేర్చాన్లే. ఆ చోటు నాది కాకపోయేసరికి చేర్చాను. నీ మీద ప్రేమతో కాదు."

చారుశీల ఒళ్ళోని చీర మడతని గట్టిగా పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు ఆగిపోయాయి. "నువ్వా అక్కా?" అంది మెల్లగా. ఆ గొంతులో నొప్పి ఉంది, దాని వెనకాల మొదటిసారి ఒక బెదురూ ఉంది. అక్కంటే భయం అని పొద్దున నవ్వుతూ అన్నప్పుడు లేనిది.

"ఛీ ఛీ, ఇదేం పాడుబుద్ధే?" అంది వెంకటరత్నమ్మ.

"పాడుబుద్ధే అత్తయ్యా. ఆరేళ్ళుగా ఉంది. అది పళ్ళెం ముందు కూర్చున్నప్పుడల్లా ఉంది. మీరు బంగారం అన్నప్పుడల్లా ఇంకాస్త పెరిగింది."

గోడ అర తెరుచుకుని రాత్రి భోజనం వచ్చింది. పచ్చటి నాచురొట్టెలు, గంజిలాంటి పప్పు. అలవాటు ప్రకారం అందరూ ఆమె లేచి వడ్డించేదాకా చూశారు. ఇందుమతి ఐదో కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపయ్యాక భాస్కరే లేచి, ఏ గరిటె దేనికో తెలియక తికమకపడుతూ గిన్నెలు బల్ల మీద పెట్టాడు.

"ఏడు కావడానికి పది నిమిషాలుంది," అన్నాడు దివాకర్. ఈసారి అది బతిమాలినట్టే ఉంది. "కొత్త లెక్కలో నీకు చోటు రాకపోవచ్చు కూడానట. సత్యానందంగారు చెప్పారు. మాకూ పోయి, నీకూ పోయి, ఏం సాధించినట్టు?"

"రాకపోవచ్చు," అంది ఇందుమతి.

ఒక్కొక్కరి మొహమే చూసింది. అత్తగారు, భర్త, మరిది, చీర మడత నలుపుతున్న తోడికోడలు. అరవాలని లేదు, ఏడవాలనీ లేదు. మజ్జిగ చిక్కగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నేను వద్దనను. ఇవాళ ఏడింటికి అనను, రేపు అనను, ఇక ఈ ఇంట్లో ఏ పూటా అనను. అందరికీ చెప్తున్నాను, వినండి. నాకు కావాలి."